ఏ మాత్రకు ఎంత ఎడం: మందుల రసాయన స్వభావాన్ని బట్టి వేళలు నిర్ణయించుకునే పద్ధతి

ఇంట్లో ఒకే మనిషి ఐదారు రకాల మాత్రలు వాడుతున్నప్పుడు ఏది పరగడుపున వేసుకోవాలి, ఏది తిన్నాక వేసుకోవాలి, దేనికీ దేనికీ మధ్య ఎంత ఎడం ఉండాలి అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. మందుల షాపువారు కవరు మీద రాసిచ్చే "ఉదయం, రాత్రి, తిన్నాక" అన్న మాటలు ఒక్కొక్క మందుకు విడిగా సరిపోతాయి. ముగ్గురు వైద్యులు వేర్వేరుగా రాసిన మందులు ఒకే కడుపులో కలిసినప్పుడు మాత్రం అవి చాలవు. అప్పుడు మందు ఎలా కరుగుతుంది, దేనితో అతుక్కుంటుంది, ఏ దారిన బయటికి పోతుంది అన్న సంగతులు కొంతైనా తెలిసి ఉండాలి.

మందుల మధ్య వచ్చే చిక్కులను ముందుగా రెండు రాశులుగా విడదీయడం అవసరం. మందు రక్తంలోకి చేరకముందే కడుపులోనో పేగులోనో జరిగేవి మొదటి రాశి. వేళలు మార్చుకుంటే వీటిలో చాలావరకు తీరిపోతాయి. రక్తంలోకి చేరిన తరువాత కాలేయంలోనో మూత్రపిండాల్లోనో జరిగేవి రెండో రాశి. ఒక మాత్ర పొద్దున, మరొకటి రాత్రి వేసుకున్నా ఇవి తీరవు. జనం సాధారణంగా దీనికి తలకిందులుగా నడుచుకుంటారు. ఎడంతో తీరిపోయే థైరాయిడ్, కాల్షియం మాత్రలను ఒకేసారి మింగేస్తారు, ఎడంతో తీరని వాటికి గంటలు లెక్కపెట్టి ధైర్యంగా ఉంటారు. ఏ చిక్కు ఏ రాశిలోదో తేల్చుకోవడానికే కింది మెట్లు. వైద్యుణ్ణి సరైన ప్రశ్న అడగడానికి ఇవి పనికొస్తాయి, అంతేగాని వాడుతున్న మందును సొంతంగా ఆపడానికి కాదు.

మొదటి మెట్టు: అసలు పేర్లతో పట్టిక రాసుకోవడం

బ్రాండు పేరుతో పని జరగదు. స్ట్రిప్పు వెనక ఉండే మందు అసలు పేరు, దాని లవణం, మోతాదు, తయారీ రూపం నాలుగూ రాసుకోవాలి. లవణం సంగతి చిన్నదిగా కనిపించినా దాని ప్రభావం చిన్నది కాదు. డైక్లోఫెనాక్ పొటాషియం మామూలు మాత్ర త్వరగా కరిగి నొప్పిని త్వరగా తగ్గిస్తుంది. డైక్లోఫెనాక్ సోడియం మాత్రకు సాధారణంగా కడుపులో కరగని పూత ఉంటుంది కాబట్టి అది పేగు దాకా వెళ్లి గాని పని మొదలుపెట్టదు. పేరు పక్కన నెమ్మదిగా విడుదలవుతుందని చెప్పే ఎస్ఆర్, ఎక్స్ఆర్, కడుపులో కరగని పూత ఉందని చెప్పే ఈసీ వంటి అక్షరాలుంటే, వైద్యుడో ఫార్మసిస్టో సరేనంటే తప్ప ఆ మాత్రను విరవకూడదు, నూరకూడదు.

చీటీ లేకుండా కొనుక్కున్నవి కూడా ఈ పట్టికలోకి రావాలి. గ్యాస్ కోసం తాగే జెలుసిల్, డైజీన్, బలానికని వేసుకునే జింక్ బిళ్లలు, కాల్షియం, చూర్ణాలు మొదలైనవాటిని చాలామంది మందులుగా లెక్కపెట్టరు, కాని పేగులో జరిగే చిక్కుల్లో ఎక్కువ భాగం వీటివల్లే వస్తాయి. నిల్వ సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. మూర్ఛకు వాడే కార్బమజెపైన్ మాత్రలు తేమ పీల్చుకుంటే గట్టిపడి సరిగా కరగవు, అందువల్ల మోతాదు సరిగానే వేసుకున్నా రక్తంలోకి చేరేది తగ్గిపోతుంది. సముద్రతీరపు ఊళ్లలో వీటిని స్నానాల గదిలోనో వంటగదిలోనో పెట్టుకోవడం మంచిది కాదు.

రెండో మెట్టు: కరుగుతుందా, పేగు గోడ దాటుతుందా

మాత్రగా ఉన్న మందు ముందు కరగాలి, ఆ తరువాత పేగు గోడ దాటాలి. ఈ రెండు గుణాలను బట్టి 1995లో గోర్డన్ అమిడన్ బృందం మందులను నాలుగు తరగతులుగా విభజించింది. బాగా కరిగి బాగా దాటేవి మొదటి తరగతి, బీపీకి వాడే మెటోప్రొలాల్ అటువంటిది. వీటితో తిండికి సంబంధించిన చిక్కు తక్కువ. కష్టంగా కరిగినా ఒకసారి కరిగితే సులభంగా దాటేవి రెండో తరగతి. సులభంగా కరిగినా దాటడం కష్టమైనవి మూడో తరగతి. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ ఇందులోదే, మింగిన దాంట్లో 50 నుంచి 60 శాతమే రక్తంలోకి చేరుతుంది. రెండు గుణాలూ లేనివి నాలుగో తరగతి.

మన పనికి ముఖ్యమైనది రెండో తరగతి. కొవ్వులో కరిగే ఈ మందులకు నూనె, నెయ్యి ఉన్న భోజనం సాయపడుతుంది, ఎందుకంటే కొవ్వు తిన్నప్పుడు వచ్చే పైత్యరసం సబ్బులా పనిచేసి మందును కూడా కరిగిస్తుంది. నులిపురుగులకు ఇచ్చే ఆల్బెండజోల్ దీనికి మంచి ఉదాహరణ. ఫిబ్రవరి 10న జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం నాడు బడుల్లో పిల్లలచేత నమిలించే 400 మిల్లీగ్రాముల మాత్ర ఇదే. అక్కడ పురుగు ఉన్నది పేగులోనే కాబట్టి మందు రక్తంలోకి చేరకపోయినా నష్టం లేదు. అదే మందును మెదడులో చేరిన బద్దెపురుగు తిత్తులకు వాడేటప్పుడు కొవ్వు ఉన్న భోజనంతోనే ఇస్తారు, అలా ఇస్తే రక్తంలోకి చేరే పాలు దాదాపు 5 రెట్ల వరకు పెరుగుతుంది. తామరకు వాడే గ్రిసియోఫుల్విన్ కూడా అన్నం తిన్నాక వేసుకోవలసినదే. ఒకే మందును ఒకచోట "ఎప్పుడైనా", ఇంకోచోట "తిన్నాకే" అనడంలో వైరుధ్యం లేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

మూడో మెట్టు: ఆమ్లమా, క్షారమా

ఎక్కువ మందులు బలహీనమైన ఆమ్లాలో, బలహీనమైన క్షారాలో అయి ఉంటాయి. ప్రతి దానికీ పీకేఏ అనే ఒక సంఖ్య ఉంటుంది. చుట్టూ ఉన్న ద్రవం పీహెచ్ (ఆమ్లతను చెప్పే అంకె, అది తగ్గినకొద్దీ ఆమ్లం ఎక్కువ) ఆ సంఖ్యకు సమానమైతే మందు అణువుల్లో సగం విద్యుదావేశంతోను, సగం ఆవేశం లేకుండాను ఉంటాయి. అక్కణ్ణుంచి పీహెచ్ ఒక్క అంకె జరిగితే ఆ నిష్పత్తి 10 రెట్లు మారుతుంది. ఆవేశం ఉన్న అణువు నీటిలో కరుగుతుంది గాని కొవ్వు పొరను దాటలేదు. ఆవేశం లేనిది పొరను దాటుతుంది గాని నీటిలో అంతగా కరగదు. మందు నీటిలో కరగాలన్నా, పొర దాటాలన్నా ఈ తూకం కుదరాలి.

ఆస్పిరిన్ పీకేఏ సుమారు 3.5. పరగడుపున కడుపులో పీహెచ్ 1.5 ఉందనుకుంటే 99 శాతం అణువులు ఆవేశం లేకుండా ఉంటాయి. పేగులో 6.5 దగ్గర వెయ్యింటికి ఒక్కటే అలా మిగులుతుంది. దీన్నిబట్టి ఆస్పిరిన్ అంతా కడుపులోనే రక్తంలోకి ఎక్కుతుందని విద్యార్థులు పరీక్షల్లో రాస్తుంటారు, అది సరికాదు. చిన్నపేగు లోపలి వైశాల్యం కడుపుతో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువ. పైగా ఆవేశం లేని అణువులు దాటిపోతున్నకొద్దీ మిగిలినవాటిలోనుంచి కొత్తవి ఆ రూపంలోకి మారుతూనే ఉంటాయి. అందువల్ల ఆమ్లమైనా క్షారమైనా ఎక్కువ మందులు ఎక్కేది చిన్నపేగులోనే. పీకేఏ లెక్క అసలు ఉపయోగపడేది కరగడం విషయంలో.

అందుకు తగిన ఉదాహరణ ఇట్రాకొనజోల్. తామర, గజ్జల్లో వచ్చే తామర ఎక్కువైన ఈ సంవత్సరాల్లో చర్మ వైద్యులు విరివిగా రాస్తున్న గొట్టం మాత్ర ఇది. దీని అణుభారం 700 దాటుతుంది, కొవ్వులో బాగా కరుగుతుంది, నీటిలో దాదాపు కరగదు. ఇది బలహీన క్షారం, పీకేఏ 3.7 దగ్గర. కడుపులోని గాఢమైన ఆమ్లంలో ఆవేశం పుచ్చుకుని కరుగుతుంది; పీహెచ్ 5 దాటిందంటే కరగకుండానే కిందికి పోతుంది. కాబట్టి దీన్ని కడుపు నిండా తిన్న వెంటనే వేసుకోవాలి, జెలుసిల్ వంటి యాంటాసిడ్‌కు కనీసం 2 గంటల ఎడం ఇవ్వాలి.

అయితే మాత్రలు ఎక్కువ కాబట్టి ఉండనివ్వమని చీటీ చివర తరచుగా చేర్చే, కడుపులో ఆమ్లం తగ్గించే పాంటొప్రజోల్ విషయంలో ఎడం పనిచేయదు. పాంటొప్రజోల్ కూడా బలహీన క్షారమే. రక్తం ద్వారా కడుపు గోడలోని ఆమ్లం తయారయ్యే కణాలకు చేరి, అక్కడి ఆమ్లంలో ఆవేశం పుచ్చుకుని వెనక్కి రాలేక చిక్కుకుపోతుంది, అక్కడే చురుకైన రూపానికి మారి ఆమ్లపు పంపుకు శాశ్వతంగా అతుక్కుంటుంది. రక్తంలో దాని అర్ధాయువు, అంటే సగానికి తగ్గే సమయం, గంట దరిదాపుల్లోనే అయినా, కొత్త పంపులు తయారయ్యేదాకా ఆమ్లం తగ్గే ఉంటుంది. పొద్దున వేసుకున్న ఈ మాత్ర రాత్రి ఇట్రాకొనజోల్‌ను కూడా కరగనివ్వకపోవడానికి కారణం ఇదే. ఆమ్లం తక్కువ ఉన్నవారు ఈ గొట్టాన్ని చక్కెర ఉన్న కోలాతో వేసుకోవచ్చన్న సూచన మందు పత్రంలోనే ఉంటుంది. షుగరు ఉన్నవారికి అది మరో చిక్కు. ఆమ్లం మీద అంతగా ఆధారపడని సుబా అనే తయారీ కూడా దొరుకుతుంది, దాని మోతాదు లెక్క వేరు కాబట్టి ఒకదానికి బదులు ఇంకొకటి సొంతంగా మార్చుకోకూడదు.

పాంటొప్రజోల్ మాత్రను నూరకూడదనడానికి కారణం కూడా ఇక్కడే తెలుస్తుంది. ఆమ్లంలో చురుకయ్యే ఈ మందు కడుపులోని ఆమ్లానికే ముందుగా తగిలితే అక్కడే చెడిపోతుంది. పైన ఉన్న పూత దాన్ని పేగు దాకా కాపాడుతుంది. తిండికి అరగంట ముందు వేసుకోమనడం, తిన్నప్పుడే పంపులు ఎక్కువగా మేలుకుంటాయి కాబట్టి.

నాలుగో మెట్టు: పరిమాణం, ఆవేశం, రవాణా

1997లో క్రిస్టఫర్ లిపిన్‌స్కీ చెప్పిన సూత్రం ఈ మెట్టుకు చాలు. అణుభారం 500 లోపు, కొవ్వు–నీటి పంపకపు సంఖ్య అయిన లాగ్ పీ 5 లోపు, హైడ్రోజన్ బంధాన్ని ఇచ్చే చోట్లు 5 లోపు, పుచ్చుకునే చోట్లు 10 లోపు ఉంటే నోటి ద్వారా ఎక్కే అవకాశం ఎక్కువ. ఇది కొత్త మందులు తయారుచేసేవారికి హెచ్చరికేగాని శాసనం కాదు. ఇట్రాకొనజోల్ ఇందులో కొన్ని హద్దులు దాటినా తిండితో ఎక్కుతుంది. జెంటామైసిన్, అమికాసిన్ అనే యాంటీబయాటిక్‌లు ఇంజెక్షన్లుగానే ఉండటానికి కారణం వాటి బలమైన ఆవేశం. అణుభారం 1,400 దాటిన వాంకోమైసిన్‌ను నోటి ద్వారా ఇస్తే పేగులోనే ఉండిపోతుంది, పేగు జబ్బుకు ఆ గుణాన్నే వాడుకుంటారు.

కొన్ని అణువులు సొంత బలంతో కాక, పేగు గోడలోని రవాణా ప్రోటీన్ల సాయంతో దాటుతాయి. పార్కిన్సన్ జబ్బుకు ఇచ్చే లెవోడోపా రూపంలో అమైనో ఆమ్లమే, కాబట్టి పప్పు, గుడ్డు, మాంసం తిన్నప్పుడు వచ్చే అమైనో ఆమ్లాలతో ఒకే దారికోసం పోటీపడుతుంది. మాత్ర వేసుకున్నా చేతి వణుకు తగ్గలేదని చెప్పే రోగి ఏం తిన్నాక వేసుకున్నాడో ముందు అడగాలి. తిండికి అరగంట ముందు వేసుకుని, మాంసకృత్తులు ఎక్కువున్న పదార్థాలను రాత్రికి జరపడం వాడుకలో ఉన్న పద్ధతి. దూలగొండి గింజల్లో లెవోడోపా సహజంగానే ఉంటుంది. ఆ చూర్ణం వాడేవారు వైద్యుడికి తప్పక చెప్పాలి, లేకపోతే మోతాదు లెక్క తప్పుతుంది.

ఐదో మెట్టు: లోహాలతో అతుక్కునేవి

వేళ మార్చుకున్నందుకు ఎక్కువ ఫలితం కనిపించేది ఈ మెట్టులోనే. కాల్షియం, మెగ్నీషియం, అల్యూమినియం, ఇనుము, జింక్ అయాన్లకు రెండు మూడు ధనావేశాలుంటాయి. మందు అణువులో ఆక్సిజన్ పరమాణువులు పక్కపక్కన సరైన దూరంలో ఉంటే ఆ లోహాన్ని రెండు వైపులా పట్టుకుంటాయి. అలా ఏర్పడిన జంట సరిగా కరగదు, పొర దాటదు, మలంతో పోతుంది.

టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌ల వర్గం ఇందుకు పేరుపడింది. ఈ వర్గంలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గర్ అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కనుగొన్నప్పుడు అక్కడ పరిశోధనలకు సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే వర్గానికి చెందిన డాక్సీసైక్లిన్‌ను ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నాం. పాలతో దీనికి నష్టం తక్కువే, ఇనుముతో మాత్రం ఎక్కువ. రక్తంలోకి ఎక్కిన తరువాత కూడా ఈ మందు కొంత పేగులోకి తిరిగి వస్తుంది, అప్పుడు ఐరన్ మాత్రలోని ఇనుము దాన్ని పట్టేసుకుంటుంది. ఎడం పాటించినా పూర్తిగా తీరని చిక్కు ఇది. కోర్సు ముగిసేదాకా ఐరన్ ఆపవచ్చా అని వైద్యుణ్ణి అడగడమే నయం.

సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌ను ఐరన్, కాల్షియం, జింక్, యాంటాసిడ్‌లకు 2 గంటల ముందో, 6 గంటల తరువాతో వేసుకోవాలి. ఒట్టి పాలతోనో పెరుగుతోనో మింగకూడదు. మూత్రంలో మంటకని మాత్ర వాడుతూ, కడుపులో మంటకని దానిమీద జెలుసిల్ తాగేవారికి జబ్బు తగ్గకపోతే మందు పనిచేయలేదనుకుని ఇంకా బలమైన యాంటీబయాటిక్ కోసం వెళ్తారు. నిజానికి మొదటి మందు రక్తంలోకి చేరనే లేదు.

థైరాయిడ్‌కు వాడే థైరాక్సిన్ మాత్రది కూడా ఇదే దారి. పరగడుపున నీళ్లతో వేసుకుని 30 నుంచి 60 నిమిషాల దాకా ఏమీ తినకూడదు, కాఫీ కూడా తాగకూడదు. కాల్షియం, ఐరన్‌లకు 4 గంటల ఎడం ఇవ్వాలి. మన ఇళ్లలో నిద్ర లేవగానే ఫిల్టర్ కాఫీ తాగే అలవాటు దీనికి పెద్ద అడ్డు. థైరాయిడ్ రక్తపరీక్షలో చూసే టీఎస్‌హెచ్ దిగడం లేదని మోతాదు పెంచేముందు కాఫీ వేళ గురించి ఒక్క ప్రశ్న అడిగితే చాలాసార్లు పని తేలికవుతుంది. ఐరన్ మాత్రకు టీలోని టానిన్లు అడ్డం, నిమ్మరసంలోని విటమిన్ సి సాయం.

ఆరో మెట్టు: ఎడం పనిచేయని చిక్కులు

కొవ్వులో కరిగే మందును మూత్రపిండం నేరుగా బయటికి పంపలేదు, కాలేయం దాన్ని ముందు నీటిలో కరిగే రూపానికి మార్చాలి. ఈ పనిలో ఎక్కువ భారం మోసే ఎంజైము సీవైపీ 3ఏ4. ఇట్రాకొనజోల్ అణువులోని నైట్రోజన్ వలయం ఆ ఎంజైము లోపలి ఇనుముకు అతుక్కుని దాన్ని పనిచేయనివ్వదు. అప్పుడు అదే ఎంజైము మీద ఆధారపడిన కొలెస్ట్రాల్ మందులు (స్టాటిన్‌లు) సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్ రక్తంలో పేరుకుని కండరాలు దెబ్బతినే ప్రమాదం ఉంటుంది. సిమ్వాస్టాటిన్‌తో ఈ జత పూర్తిగా నిషిద్ధం. అటోర్వాస్టాటిన్ మోతాదు తగ్గించడమో మార్చడమో వైద్యుడు నిర్ణయిస్తారు. నీటిలో ఎక్కువగా కరిగే రోసువాస్టాటిన్ ఈ ఎంజైము మీద అంతగా ఆధారపడదు.

రిఫాంపిసిన్ ఇందుకు వ్యతిరేకం. క్షయకు ఇచ్చే ఈ మందు ఎంజైములను ఎక్కువగా తయారుచేయిస్తుంది, పూర్తి ప్రభావం కనిపించడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. గర్భనిరోధక మాత్రలు, రక్తం పలచబరిచే మాత్రలు కాలేయంలో వేగంగా మారిపోయి పనిచేయకుండా పోతాయి. కోర్సు ముగిశాక ఎంజైములు తగ్గడానికి కూడా సుమారు రెండు వారాలు పడుతుంది, రిఫాంపిసిన్ వల్ల పెంచి ఉంచిన ఇతర మందుల మోతాదు ఆ సమయంలో ఎక్కువైపోతుంది.

ఇంకా రెండు జతలు మన వాడుకలో తరచుగా ఎదురవుతాయి. ఆయాసానికి వాడే డెరిఫిలిన్‌లోని థియోఫిలిన్‌ను మార్చే ఎంజైమును సిప్రోఫ్లాక్సాసిన్ అడ్డుకుంటుంది; గుండెదడ, వాంతులు, ఒక్కోసారి మూర్ఛ కూడా రావచ్చు. గుండె కవాటం మార్చినవారు రక్తం పలచబడటానికి వాడే అసినోకౌమరాల్‌కు మెట్రోనిడజోల్ గాని ఫ్లూకొనజోల్ గాని తోడైతే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్ నుంచి ఒక మందు ఇంకొకదాన్ని నెట్టివేయడమే ఇందుకు కారణమని పాత పుస్తకాలు చెబుతాయి. అలా విడిపడిన మందును శరీరం త్వరగానే వదిలించుకుంటుంది కాబట్టి ఆ వివరణకు నేనంత విలువ ఇవ్వను, అసలు కారణం ఎంజైము మందగించడమే.

పండ్లలో గ్రేప్‌ఫ్రూట్ సంగతి 1989లో కెనడాలో డేవిడ్ బెయిలీ బృందానికి అనుకోకుండా తెలిసింది. బీపీ మందు ఫెలోడిపైన్‌తో మద్యం ప్రభావాన్ని పరీక్షిస్తూ, రుచి తెలియకుండా ఉండాలని ఆ రసం కలిపారు, మందు రక్తంలో ఊహించనంత పెరిగింది. అందులోని ఫ్యూరానోకౌమరిన్లు పేగు గోడలోని సీవైపీ 3ఏ4ను శాశ్వతంగా పాడుచేస్తాయి, కొత్తది తయారవడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. మన దగ్గర దొరికే పంపరపనసలో కూడా ఈ పదార్థాలున్నాయి.

ఏడో మెట్టు: బయటికి పోయే దారి

ఆవేశం గల మందులు, చిన్న అయాన్లు మూత్రపిండాల ద్వారా పోతాయి. మానసిక జబ్బుకు వాడే లిథియంను మూత్రపిండం సోడియం లాగే చూస్తుంది. ఉప్పు బాగా తగ్గించినా, మూత్రం ఎక్కువ పోయే బీపీ మాత్ర చేర్చినా, ఇబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్ర కొన్ని రోజులు వాడినా లిథియం లోపలే నిలిచి విషమవుతుంది. ఇది కూడా ఎడంతో తీరేది కాదు.

ఎనిమిదో మెట్టు: వేళల పట్టిక

ఒక ఉదాహరణ తీసుకుందాం. థైరాక్సిన్, పాంటొప్రజోల్, రెండు పూటలా మెట్‌ఫార్మిన్, ఐరన్, కాల్షియం కార్బొనేట్, అటోర్వాస్టాటిన్ వాడుతున్న మహిళకు తామర కోసం ఇట్రాకొనజోల్ గొట్టాలు కొత్తగా రాశారు. ముందు పాతవాటిని అమర్చుకోవాలి. ఉదయం 6 గంటలకు థైరాక్సిన్ నీళ్లతో, 7కు పాంటొప్రజోల్, 7.30కు టిఫిన్‌తో మెట్‌ఫార్మిన్, ఆ తరువాతే కాఫీ. 11 గంటలకు నిమ్మరసంతో ఐరన్, దానికి ముందూ వెనకా గంట దాకా టీ లేదు. కాల్షియం కార్బొనేట్ కరగడానికి ఆమ్లం కావాలి గనుక మధ్యాహ్న భోజనంతో. రాత్రి భోజనంతో మెట్‌ఫార్మిన్, తరువాత అటోర్వాస్టాటిన్.

ఇప్పుడు ఇట్రాకొనజోల్‌ను ఎక్కడ పెట్టాలి? కడుపు నిండా తిన్నాక కావాలి కాబట్టి మధ్యాహ్నమే తగిన వేళ. కాని కాల్షియం కార్బొనేట్ స్వయంగా యాంటాసిడ్, కాబట్టి దాన్ని రాత్రి భోజనానికి జరపాలి. పట్టిక చేయగలిగినది ఇంతే. పాంటొప్రజోల్, అటోర్వాస్టాటిన్ రెండూ వేళ మార్చినా తీరని చిక్కులు, కాబట్టి మొదటి గొట్టం వేసుకోకముందే ఆ రెండు పేర్లూ చర్మ వైద్యుడికి చెప్పాలి: పాంటొప్రజోల్ ఈ నెలల్లో అవసరమా, లేదా ఆమ్లంతో పనిలేని తయారీ రాస్తారా, స్టాటిన్‌ను ఆపాలా, మార్చాలా. ఆపమంటే ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలో కూడా అడిగి రాయించుకోవాలి, ఎందుకంటే కొవ్వులో నిల్వ ఉండే ఇట్రాకొనజోల్ ఆఖరి గొట్టం తరువాత రక్తంలోనుంచి పూర్తిగా దిగిపోవడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది.